నర్సింహమ్మ పేరు మీద సంగమ్మ కళ్లు

ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే సంగమ్మ, "సూసుడే నా పని" అనేది. అడిగినవాళ్లు నవ్వేవాళ్లు. చూడటం కూడా ఒక పనేనా! కానీ అది వేళాకోళం కాదు, ఉన్నమాటే. పటాన్‌చెరు వైపు ఇంజెక్షన్ మందు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా ఆమె చేసింది అదొక్కటే. ముందు ఒక బోర్డు, సగం తెలుపు, సగం నలుపు. పైన ట్యూబులైటు. మందు నిండిన సీసాను మెడ దగ్గర పట్టుకొని మెల్లగా తిప్పాలి. తెలుపు ముందు ఐదు సెకన్లు, నలుపు ముందు ఐదు సెకన్లు. లోపల వెంట్రుకో, గాజుముక్కో, నలకో తేలితే ఎర్రడబ్బాలో వేయాలి. ఏమీ లేకపోతే ముందుకు పంపాలి. ఎనిమిది గంటలూ ఇంతే.

"నా చెయ్యి దాటిన సీస ఇగ సీదా మనిషి నరంలకే" అని చెప్పుకునేది సంగమ్మ. ఆ మాట అనేటప్పుడు గొంతులో కొంచెం గర్వం ఉండేది. ఉండదా మరి! ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఎనిమిదేళ్ల కింద భర్త ముత్తంగి దగ్గర లారీ కింద పడి పోతే, ఈ కళ్ల మీదే కూతురు అక్షరను సంగారెడ్డిలో పాలిటెక్నిక్ దాకా తెచ్చింది.

కర్దనూర్‌లో ఒకే వాకిలికి రెండు ఇళ్లు. ఒకదాంట్లో సంగమ్మ, ఇంకోదాంట్లో మరిది, అతని భార్య నర్సింహమ్మ. తోడికోడళ్లంటే కొట్లాడుకోవాలని ఎవరు రాసిపెట్టారో గానీ వీళ్లిద్దరికీ అది తెలియదు. నర్సింహమ్మ సాయంత్రం పూట రోడ్డు మీద బండి పెట్టి, ఫ్యాక్టరీల బ్యాచిలర్లకు జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. సంగమ్మ షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె వాటా రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి ఉండేవి. ఇద్దరికీ షుగరు ఉంది. నర్సింహమ్మ వేళకు మాత్ర వేసుకునేది. సంగమ్మ వేసుకునేది కాదు. ఎందుకంటారా? షుగరు మనిషికి మాటిమాటికీ బాత్రూంకు పోవాల్సి వస్తుంది. ఆ లైన్లో ఒకసారి బయటికి పోవాలంటే గౌను, టోపీ, బూట్లు అన్నీ విప్పాలి, మళ్లీ చేతులు కడుక్కొని కొత్తవి తొడుక్కోవాలి. అందుకని ఆమె నీళ్లు తాగడం మానేసింది, వేళకు తినడం మానేసింది. తినకుండా మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతాయని మాత్రా మానేసింది.

కంపెనీలో ఆరునెలలకోసారి చూపు పరీక్ష ఉంటుంది. గోడకు అక్షరాల బోర్డు పెట్టి దూరం నుంచి చదివిస్తారు. ఆ లైన్ ఆడవాళ్లకు ఒక అలవాటు. మొదట పోయినామె కింది వరస అక్షరాలు నోటికి పట్టుకొని వస్తుంది. బూట్లు తొడుక్కునే బెంచీ దగ్గర మిగతావాళ్లకు చెబుతుంది. వాళ్లు దాన్ని మోసం అనుకోరు. భయానికి తడబడకుండా ఉండటానికే అంటారు. కళ్లు శుభ్రంగా ఉన్న రోజుల్లో సంగమ్మే మొదట పోయి, వచ్చి అందరికీ చెప్పేది. కిందటి పరీక్షకు మాత్రం వెనక నిలబడి, ముందు పోయినామె చెప్పిన వరసను పెదవుల మీద పదిసార్లు తిప్పుకొని లోపలికి పోయింది.

ఎందుకంటే దసరా దాటిన వారానికే కుడికంట్లో వెంట్రుకలు మొదలయ్యాయి. ఏ సీసా ఎత్తినా లోపల సన్నటి వెంట్రుక తేలుతోంది. తీసి ఎర్రడబ్బాలో వేసింది. ఇంకోదాంట్లో కూడా వెంట్రుకే. మధ్యాహ్నానికి ఎర్రడబ్బా నిండింది. సూపర్‌వైజర్ విఘ్నేశ్వర్ వచ్చి, ఆ సీసాలన్నీ వేరేవాళ్లతో మళ్లీ పరీక్ష చేయించి, "ఏందమ్మా సంగమ్మా, మంచియన్నీ పడేస్తున్నవ్, నిద్ర సాలలేదా?" అన్నాడు. వెంట్రుక సీసాలో లేదు, తన కంట్లోనే ఉందని ఆమెకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. తెలిశాక ఏం చేసిందో చెప్పాలంటే నాకే నోరు రావడం లేదు. వెంట్రుక కనిపించినా, ఇది నాదే అనుకొని సీసాను ముందుకు పంపడం నేర్చుకుంది.

నర్సింహమ్మకు మాత్రం చెప్పింది. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో అక్కా! మొన్న ఎండకాలంల మనూరికి కండ్ల బండి రాలేదా? నేను పోయి దిగిన గద ఫోటోలు. నిన్ను గూడ రమ్మంటి."

"వస్తె ఏమైతుండె? ఫోటోల తేడా ఉంటె కంపెనీకి రాస్తరు. ఇగ నన్ను ఎవ్వడు రానిస్తడు లైన్ల?"

కంపెనీకి రాస్తారని ఆమెకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీల మధ్య బతికే మనిషికి ఎక్కడ కాగితం మీద పేరు రాసినా అది తిరిగి తిరిగి గేటు దగ్గరికే చేరుతుందన్న భయం ఉంటుంది. లైన్లో ఒకామెకు క్షయ అని తేలితే మర్నాడే గేటులోకి రానివ్వలేదు. అది సంగమ్మ కళ్లారా చూసింది.

ముత్తంగిలో ఒక మందుల దుకాణం మీద రెండు గదుల కంటి కేంద్రం ఉంది. డాక్టరు అక్కడ ఉండడు. సదాశివపేట అమ్మాయి సత్యశ్రీ ఉంటుంది, యంత్రాలు నడుపుతుంది. చుక్కలు వేసి కంటి లోపలి పొరను ఫోటో తీసి నగరానికి పంపుతుంది. అక్కడ పెద్దాసుపత్రిలో కూర్చున్న డాక్టర్ వరుణ్ చూసి చెబుతాడు. లేజర్ కావాలంటే అదీ అక్కడి నుంచే. ఎక్కడెక్కడ కాల్చాలో ఆయన తన తెర మీద గుర్తులు పెడతాడు, ఇక్కడి యంత్రం ఆ గుర్తుల మీదే కొడుతుంది. యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోబెట్టడం, కంటి మీద అద్దం కదలకుండా పట్టుకోవడం సత్యశ్రీ పని. ఆయన దానికి టైమిచ్చేది గురువారాలు. ఊరూరా తిరిగే కండ్ల బండి కూడా ఈ కేంద్రానిదే.

"నా ఆధార్ తీస్కపో అక్కా" అంది నర్సింహమ్మ. "ఇంటిపేరు ఒకటే, వయసు కొంచెం అటిటు. ఆధార్ల ఫోటో ఎవ్వల్దో ఎవ్వలికి ఎర్క? నన్నే నేను గుర్తువట్ట."

ఇద్దరూ నవ్వుకున్నారు. అదీ జరిగింది. ఒక మంచి మనసు ఇంకొక మంచి మనిషికి చేసిన సాయం. దానికే ఇంత శిక్ష పడాలా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మంగళవారం సెలవు పెట్టి, నర్సింహమ్మ కార్డుతో, నర్సింహమ్మ ఫోన్ నంబర్ రాయించి, నర్సింహమ్మగా కూర్చుంది సంగమ్మ. సత్యశ్రీ ఫోటోలు తీసి పంపింది. అరగంటలో స్పీకర్లో డాక్టరు గొంతు వినిపించింది. మెల్లగా, మర్యాదగా ఉంది.

"నర్సింహమ్మగారూ, షుగరు వల్ల రెండు కళ్లలోనూ లోపలి పొర దెబ్బతింది. పనికిరాని కొత్త రక్తనాళాలు పుట్టాయి. అవి చాలా పలచన. ఎప్పుడైనా చిట్లిపోవచ్చు. కుడికన్ను మరీ తొందర. ఎల్లుండి గురువారమే లేజర్ మొదలుపెడదాం. తప్పకుండా రండి."

"చేస్తె పోయిన సూపు వస్తదా సారూ?"

"పోయింది రాదమ్మా. ఉన్నది నిలుస్తుంది."

ఉన్నది నిలిస్తే చాలు. ఇంకో మూడేళ్లు నిలిస్తే అక్షర చదువు అయిపోతుంది, తన కాళ్ల మీద తను నిలబడుతుంది. ఆటోలో కూర్చొని సంగమ్మ ఆ మూడేళ్లనే లెక్క వేసుకుంది.

గురువారం చుక్కలు వేశారు. మత్తుమందు చుక్కా వేశారు. గడ్డం ఆనించి కూర్చుంది. సత్యశ్రీ యంత్రం ఆన్ చేసింది. ఆ యంత్రం పద్ధతేమిటంటే, కాల్చే ముందు ఆ పేరు మీద ఉన్న ఫోటోలన్నీ తెచ్చి పక్కపక్కన పెడుతుంది. మొన్నటి ఫోటో వచ్చింది. ఎండాకాలంలో కండ్ల బండిలో నర్సింహమ్మ దిగిన ఫోటో కూడా వచ్చింది. రెండూ కలవడం లేదని తెర మీద ఎర్రగీత పడింది.

"సత్యశ్రీ, ఇవి ఒక మనిషి కళ్లు కావు" అన్నాడు డాక్టరు. "నరాల కొమ్మలు పుట్టుకతో వచ్చినట్టే ఉంటాయి. ఐదారు నెలల్లో మారవు. పాత ఫోటో ఎవరిది? ఈమె ఎవరు?"

చూశారా! పదకొండేళ్లు ఒకే గేటు గుండా పోతున్నా సెక్యూరిటీవాడు సంగమ్మ ముఖం చూసి పేరు చెప్పలేడు. ముఖం ఎన్నడూ చూడని డాక్టరు మాత్రం కంటి లోపల చూసి ఈమె నర్సింహమ్మ కాదని చెప్పేశాడు.

సత్యశ్రీ దగ్గరికి వచ్చి వంగింది. "అమ్మా, నిజం చెప్పు. నువ్వు నర్సింహమ్మవేనా? ఎవ్వలికి చెప్పం."

ఒక్క మాట. "కాదు బిడ్డా" అంటే అయిపోయేది. కానీ ఆ క్షణంలో సంగమ్మకు గేటు కనిపించింది, విఘ్నేశ్వర్ కనిపించాడు, తలకు దుపట్టా కప్పుకొని వెళ్లిపోయిన క్షయ మనిషి కనిపించింది. నోరు తనంతట తానే పలికింది.

"నేనే నర్సింహమ్మను. బండోల్లే తప్పు తీసిన్రేమో."

"అమ్మా," డాక్టరు గొంతు ఈసారి గట్టిగా ఉంది, "ఎవరి కన్నో రూఢి కాకుండా నేను కాల్చలేను. షుగరు, బీపీ కాగితాలు కూడా ఎవరివో నాకు తెలియదు. అసలు మనిషి ఎవరో తేల్చుకొని రండి. ఆలస్యం చేయకండి, దండం పెడతాను."

నల్లద్దాలు పెట్టుకొని మెట్లు దిగింది. చుక్కల వల్ల ఎండ కళ్లలో గుచ్చుకుంది. రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కింది.

ఇంక ఇక్కడ వినండి. ఆ రాత్రి సత్యశ్రీకి నిద్ర పట్టలేదట. మర్నాడు శుక్రవారం డాక్టరుతో మాట్లాడి, మరుసటి రోజు శనివారం ప్రత్యేకంగా టైమిచ్చేటట్టు ఒప్పించింది. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల ఆడవాళ్ల భయం ఆమెకు కొత్త కాదు. రాసిన నంబర్‌కు ఫోన్ చేసింది. ఆ నంబర్ నర్సింహమ్మది కదా! ఆమె అప్పుడే జొన్నపిండి పిసుకుతోంది.

"అమ్మా, నిన్న వచ్చినామె ఎవ్వరైనా సరే, రేపు తోల్కరా. అసలు పేరు చెప్తే చాలు. డాక్టర్ చేస్తా అంటున్నడు. కంపెనీలకు గిట్ట మేమేం పంపం. ఆధార్ గురించి నేను మాట్లాడుకుంట."

ఆధార్ అన్న ముక్క ఒక్కటే పట్టుకుంది నర్సింహమ్మ మనసు. కేసు. దొంగ ఆధార్ కేసు. పోలీసులు, బండి ఎత్తుకుపోవడం, భర్త తిట్లు. అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. "రాంగ్ నంబర్" అని పెట్టేసింది. మళ్లీ మోగితే ఫోన్ ఆపేసి పిండిడబ్బాలో పడేసింది. మంగళవారం దాకా తీయలేదు. అక్కకు చెప్పలేదు. చెబితే అక్క పోతుంది, పోతే తన పేరు బయటపడుతుంది. నాలుగు రోజులు ఆమె కూడా సరిగ్గా తినలేదు, అది నిజం. అయినా చెప్పలేదు.

మంగళవారం పొద్దున షిఫ్టు మొదలైన రెండో గంటలో సంగమ్మ చేతిలో సీసా ఉండగా కుడికంట్లో పొగ లేచింది. పైనుంచి నల్లగా, తర్వాత ఎర్రగా దిగింది. నొప్పి లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. ఎడమకన్ను మూసి చూసింది. బోర్డు లేదు, లైటు లేదు, చేతిలో సీసా లేదు. ఎడమకన్ను తెరిచింది. అన్నీ ఉన్నాయి, కానీ వాటి మీద కూడా వెంట్రుకలు తేలుతున్నాయి.

పక్కామెకు చెప్పలేదు. టీ బ్రేక్ దాకా అలాగే కూర్చుంది, సీసా మాత్రం ఒక్కటి కూడా ముందుకు పంపలేదు. గంట కొట్టగానే నేరుగా విఘ్నేశ్వర్ దగ్గరికి పోయింది.

"సారూ, నాకు కనవడ్తలేదు."

"కండ్లు గుంజుతున్నయా? పది నిమిషాలు రెస్ట్ తీస్కో."

"గది గాదు. శాన రోజులసంది కనవడ్తలేదు. దసరా నించి నేను పంపిన డబ్బాలన్ని వాపస్ దెప్పియ్యుండ్రి. వెంట్రుక ఉంటె నా కంట్లదే అనుకొని పంపిన. ఏదాంట్ల నిజంగ ఉండెనో నాకు ఎర్కలేదు."

విఘ్నేశ్వర్ ముఖంలో రక్తం లేదు. దసరా నుంచి పోయిన డబ్బాలు ఇంకా గోదాములో ఉంటాయా! ఏ ఆసుపత్రికి చేరాయో, ఎవరి నరాల్లోకి ఎక్కాయో. "ఈ మాట ఇంకెవ్వరి ముందట అనకు" అన్నాడు మెల్లగా. తర్వాత ఆమె గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నాడు. ఆ సీసాలు వెనక్కి తెప్పించారో లేదో సంగమ్మకు ఈనాటికీ తెలియదు. అడగడానికి ఆమెకు గేటు లోపలికి దారి లేదు. తనను తీసేసినందుకు ఆమె ఏడవలేదు. ఆ సీసాల గురించి మాత్రం చాలాసార్లు ఏడ్చింది.

ఇంటికి పోయి నర్సింహమ్మకు సంగతి చెప్పింది, మధ్యాహ్నం ఇద్దరూ ముత్తంగి పోయారు. ఈసారి సంగమ్మ తన కార్డే తీసి బల్ల మీద పెట్టింది. సత్యశ్రీ కార్డు చూసింది, ఆమెను చూసింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. గబగబా చుక్కలు వేసి, ఫోటోలు, స్కాన్ తీసి, నగరానికి పంపి, గురువారం కాకపోయినా డాక్టరును లైన్లోకి పిలిచింది.

"కుడికంట్లో రక్తం నిండిపోయిందమ్మా" అన్నాడు డాక్టరు. "లేజర్ ఆ రక్తం దాటి లోపలికి పోదు. నగరానికి వచ్చి ఆపరేషన్ చేయించుకోవాలి. స్కాన్‌లో లోపలి పొర కూడా ఊడి పైకి లేచినట్టుంది. ఆపరేషన్ చేసినా వెలుతురు తెలిస్తే గొప్ప. మీకు అబద్ధం చెప్పలేను."

"పోయిన గురువారం చేస్తె ఆగుతుండెనా సారూ?"

"ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ రోజు మనకు ఒక అవకాశం ఉండింది."

"శనివారం అన్న రాకపోతిరి" అంది సత్యశ్రీ. పాపం, ఆమె గొంతులోనూ దుఃఖం ఉంది. "శుక్రవారం నేను ఫోన్ చేసిన గదమ్మా. కంపెనీకి ఏం పంపం, అసలు పేరు చెప్పి రా అని ఎంత చెప్పిన. రాంగ్ నంబర్ అని పెట్టేసిన్రు."

సంగమ్మ తల తిప్పింది. నర్సింహమ్మ కుడివైపున నిలబడి ఉంది. ఆ కంటికి ఆమె కనబడలేదు. మెడ పూర్తిగా తిప్పి ఎడమకంటితో చూడాల్సి వచ్చింది. నర్సింహమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కేసైతదనుకున్న అక్కా. పోలీసులు వస్తరనుకున్న. నన్ను కొట్టు అక్కా, సంపు."

సంగమ్మకు కోపం వచ్చింది. ఎందుకు రాదు! చెయ్యి లేచింది కూడా. మళ్లీ దించేసింది.

"నీ పేరు నేనే అడుక్కుంటి" అంది. "నిన్నేమనాలె."

ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకున్నారు, రొట్టెలు తిన్నారు, ఒకే వాకిలి ఊడ్చుకున్నారు. కానీ మునుపటిలాగా మాత్రం కాదు.

"ఎడమకన్ను ఇంకా మన చేతిలో ఉంది" అన్నాడు డాక్టరు. "అదీ పోకముందే ఇవాళే మొదలుపెడదాం. గడ్డం ఆనించండి. మొదలుపెట్టే ముందు పేరు చెప్పాలమ్మా, రూల్."

"సంగమ్మ."

సత్యశ్రీ కంటి మీద అద్దం ఆనించింది. మొదటి పచ్చటి మెరుపు కొట్టింది. రెండోది. పదోదో పన్నెండోదో కొట్టేసరికి ఆమె భుజాలు కదిలాయి. కంట్లో నీళ్లూరి అద్దం జారింది. యంత్రం ఆగిపోయింది.

"ఏడవకూడదమ్మా" అన్నాడు డాక్టరు. "కన్ను కదిలితే వేరే చోట తగులుతుంది. అక్కడ తగిలితే ఈ కన్నూ పోతుంది. నాకు తెలుసు మీ బాధ. ఒక్క ఇరవై నిమిషాలు."

వెనక గోడకు ఆనుకొని నర్సింహమ్మ ఎక్కిళ్లు పెడుతోంది. సంగమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. పోయిన కన్ను కోసం కూడా ఏడవనీయదు మిగిలిన కన్ను.

"దాన్ని జెర బయటికి పంపు బిడ్డా" అంది సత్యశ్రీతో. "అది ఏడిస్తె నాకూ ఏడుపొస్తది."

నర్సింహమ్మను బయటికి పంపి సత్యశ్రీ తలుపు వేసింది. సంగమ్మ మళ్లీ గడ్డం ఆనించి, కన్ను కదలకుండా కూర్చుంది.